కోయని పొదల చేదు

ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ సంస్థలో గేటు దగ్గరి కాపలాదారు నుంచి పై అంతస్తు పెద్దాయన దాకా అందరికీ పొడమ్మే. కొత్తగా చేరినవాళ్లు మర్యాదకని ‘పొడమ్మగారూ’ అంటే నవ్వి, “నా మరలో పడితే గారు కూడా నలిగిపోతుంది నాయనా, అమ్మ చాలు” అనేది.

మొక్కల్లో మందులు వెతికే చోటు అది. అడవుల నుంచీ కొండవాలుల నుంచీ మూటల్లో వచ్చిన ఆకూ బెరడూ వేరూ ముందుగా ఆవిడ గదికే చేరేవి. ఆవిడ వాటిని ఏరి, నీడన ఆరబెట్టి, మరలో వేసి నూరి, జల్లెడ పట్టి, గాజు జాడీల్లోకి ఎత్తి, అంకె వేసి పైకి పంపేది. పైన ఆ పొడిని స్పిరిట్‌లో నానబెట్టి సారం దించేవారు. ఆ సారంలోంచి ఒక్కొక్క పదార్థాన్నీ విడదీసి రోగక్రిముల మీద వేసి చూసేవారు. వందల్లో ఒకటి కాస్త పనిచేసేది. వేలల్లో ఒకటి మందయ్యేదట. ఆ ఒక్కటీ ఆవిడ హయాంలో ఇంకా రాలేదు.

నూరే గది కింది అంతస్తులో, వరండా చివర ఉండేది. ఒక్కటే కిటికీ. ఎన్నిసార్లు తుడిచినా గోడలకు సన్నని పచ్చ నూగు పట్టి ఉండేది. గడియారం పదకొండూ ఇరవైకి ఆగి ఎన్నేళ్లయిందో. దాని లోపల ఏ ఆకు పొడి చేరిందో ఎవరికీ తెలియదు. తలుపు పక్కన ఒక అట్ట: ‘ఏ నమూనానూ రుచి చూడరాదు’. ఆ అట్ట మీది దుమ్ము వారానికోసారి దులిపేదీ ఆవిడే, దాన్ని రోజూ మీరేదీ ఆవిడే.

గుండుసూది మొనంత పొడి నాలుక చివర పెట్టేది. లోపల ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టుకుని ఉమ్మేసేది. నాలుగుసార్లు పుక్కిలించేది. తర్వాత నమూనాల పుస్తకంలో, ఆ అంకెకు ఎదురుగా అంచున, పెన్సిల్‌తో చుక్కలు పెట్టేది. చప్పగా ఉంటే ఒకటి. నాలుక ముడుచుకుపోయే చేదైతే ఐదు. చుక్కల సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. రుచి కోసం ఆ పుస్తకంలో గడి లేదు మరి.

ఇంట్లో ఆవిడా, చెల్లెలూ. రెండు గదులు. చెల్లెలు బట్టలు కుట్టేది. వీధివైపు కిటికీ దగ్గర మిషను పెట్టుకుని పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా తొక్కుతూనే ఉండేది, మాట్లాడుతూనే ఉండేది.

“ఆ నాలుక ఏదో ఒకనాడు ఊడి కింద పడుతుంది చూడు. నేను తీసి ఏ కోటుకో జేబు మూతగా కుట్టేస్తా.”

“కుట్టవే. ఆ కోటు తొడుక్కున్నవాడు అబద్ధం చెప్పలేడు.”

ఇలా ఉండేది వాళ్ల వరస.

పదవీ విరమణకు ఇంకా ఏడు నెలలున్నాయనగా ఆ మూట వచ్చింది. నిలువెత్తు పొద ఆకులు. పొడుగ్గా, అడుగున బూడిద రంగు నూగుతో. ఎవరికీ అక్కరపడని మొక్కకు పేరెవరు పెడతారు? మొక్కలు కోసి తెచ్చే ఆయన, అందరూ మొక్కలాయన అనేవారు, దాన్ని ‘బూడిదాకు’ అన్నాడు. అదే స్థిరపడింది. జాడీ అంకె ఏడు వందల పన్నెండు.

పొడి నాలుక మీద పెట్టుకున్నప్పుడు ఏమీ లేదు. ఉమ్మేసింది. పుక్కిలించింది. సరే, ఒక చుక్క అనుకుంటూ పెన్సిల్ కోసం బల్ల వైపు నడుస్తుండగా వచ్చింది చేదు. నాలుక మీద నుంచి కాదు. గొంతు వెనక నుంచి, ఎవరో లోపల తలుపు తీసుకుని వచ్చినట్టు వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. రెండు రోజులు మంచినీళ్లు కూడా చేదే. పుస్తకంలో ఐదు చుక్కలు పెట్టి, కాసేపు ఆలోచించి, ఆరోది కూడా పెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆరో చుక్క అదే.

ఇంకో సంగతి కూడా గమనించింది. ఆకుల మూట వచ్చిందంటే పురుగులు తప్పవు. ఆవిడ వాటిని ఒక డబ్బాలోకి ఏరి వెనక తోటలో వదిలేది. ఈ మూటలో ప్రాణంతో ఒక్క పురుగూ లేదు. అడుగున మాత్రం ఐదారు, ఎండి, చుట్టుకుని, చెల్లెలి మిషను కింద రాలే దారపు ముక్కల్లా ఉన్నాయి.

పది రోజుల తర్వాత కెమిస్టు మేడమ్ తనే మెట్లు దిగి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదైనది. అవసరమైతే కబురు పంపేదే తప్ప కిందికి వచ్చేది కాదు. చేతిలో మూత పెట్టిన గాజు పళ్లెం.

“ఇది చూడండి పొడమ్మగారూ.”

పళ్లెం నిండా మసక పొర. ఆసుపత్రుల్లో ఏ మందుకూ లొంగకుండా పుండ్లను మాననివ్వని క్రిమిని అందులో పెంచారట. నడుమ మాత్రం కోటు గుండీ అంత మేర గుండ్రంగా ఖాళీ. అద్దంలా ఉంది.

“ఇక్కడేమైంది?”

“మీ ఏడు వందల పన్నెండు పడింది. అంత మేరా చచ్చిపోయాయి.”

పొడమ్మ ఆ గుండ్రటి ఖాళీని చాలాసేపు చూసింది. గొంతు వెనక మళ్లీ చేదు కదిలినట్టయింది. “మందవుతుందా అయితే?” అంది చిన్నగా.

“తొందరపడకండి. ఇంకా చాలా ఆకు కావాలి, చాలా ఏళ్లు కావాలి. కానీ మొదటి మెట్టు మాత్రం ఇదే.” మేడమ్ మెట్లెక్కుతూ సగంలో ఆగి వెనక్కి చూసి నవ్వింది.

ఆ నవ్వు రెండు నెలలే నిలిచింది.

రెండో మూట వచ్చింది, మొదటిదానికి మూడింతలు. నూరింది, పంపింది. పళ్లెంలో పొర పొరలాగే ఉండిపోయింది. మూడో మూట వచ్చింది. అంతే. మొక్కల్ని గుర్తుపట్టే నిపుణుడు ఆకూ పువ్వూ గింజా అన్నీ చూసి అదే మొక్క, అనుమానం లేదన్నాడు. అదే కొండవాలు, అవే పొదలు. మరి మొదటి మూటలో ఉన్నదేది?

పెద్దవాళ్లు కూర్చుని ఆలోచించారు. ఆలోచన మెట్లు దిగుతూ దిగుతూ నూరే గది దగ్గర ఆగింది.

మేడమ్ ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు ఆవిడ మొహంలోకి చూడలేదు. అందులో రెండే వాక్యాలు. మొదటి నమూనా నూరే గదిలో పొరపాటున వేరొక నమూనాతో కలిసిపోయినదనీ, కాబట్టి బూడిదాకును జాబితా నుంచి తొలగించవచ్చుననీ. కింద సంతకానికి గీత.

“నెలాఖరులోగా ఇవ్వమన్నారు పెద్దాయన. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు. మనిషన్నాక పొరపాటు...”

“నేను కలపలేదు మేడమ్.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే ఈ కాగితమేంటి?”

మేడమ్ అట్ట వైపు చూసింది. “పెట్టకపోతే విచారణ అంటారు. మీ గదిలో ఏం జరుగుతుందో అన్నీ అడుగుతారు. మీ నాలుక సంగతి నాకెప్పుడో తెలుసు పొడమ్మగారూ. నేను చూడనట్టు ఊరుకున్నాను. వాళ్లు ఊరుకోరు. నాలుగు నెలల్లో విరమణ పెట్టుకుని...”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సంతకం పెడితే ముప్ఫై ఒక్క ఏళ్ల పని మీద మచ్చ, ఆ గుండ్రటి ఖాళీ శాశ్వతంగా పూడిపోవడం. పెట్టకపోతే దొంగలా బయటికి నడవడం.

ఇంట్లో చెల్లెలు కాగితం చదివి, మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. “కందకు లేని దురద కత్తిపీటకెందుకే అక్కా? ఆ మొక్కే మాట మార్చింది. నీకెందుకు? గీకి పారేసి ఇంటికొచ్చి పడుకో.”

“ఏడు వందల పన్నెండుకి ఆరు చుక్కలు పెట్టానే. ఆరు.”

“మిగతా రెండింటికీ?”

“ఒక్కొక్కటి. దోసకాయ తొక్కలా ఉన్నాయి.”

“నీ నోరే చెడిందేమో?”

ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. అప్పటికప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లి కాఫీ పొడి, ఉప్పు, నిమ్మ తొక్క వరసగా నాలుక మీద వేసుకుని చూసుకుంది. నోరు చెడలేదు.

మర్నాడు మూడో మూటలో మిగిలిన ఆకును నేల మీద కుమ్మరించింది. పురుగులు. ఆకుపచ్చవి, బలిసినవి, ఏ బెంగా లేకుండా నములుతున్నాయి. చెవి దగ్గరగా పెడితే సన్నగా చప్పుడు కూడా వినపడింది. ఆవిడ మోకాళ్ల మీద అలాగే కూర్చుని వాటిని చూసింది. మొదటి మూటలో చచ్చినవి. మూడో మూటలో పండగ చేసుకుంటున్నవి. అదే పొద! మరి తేడా కోతలో ఉండాలి. కోసినవాణ్ణి పిలిపించింది.

మొక్కలాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, వరసకు ఏమీ కాకపోయినా ఆవిడను వదినా అనేవాడు. “ఏం వదినా, నన్ను కూడా నూరుతావా?”

“నువ్వు నలగవులే, పీచు మనిషివి. కుడిచెయ్యి చూపించు.”

అతను నవ్వబోయి ఆగాడు. అరచేయి తెరిచాడు. అడ్డంగా మానిన గీత.

“మొదటి మూట తెచ్చినప్పుడు ఈ చేతికి కట్టు ఉంది. నేను చూశాను. ఎప్పుడు తెగింది?”

“ఎప్పుడో తెగింది. ఇప్పుడెందుకు?”

“ఆ మూట ఒక్క రోజులో కోసిందేనా?”

వరండాలో ఎవరో చక్రాల బండి తోసుకుంటూ వెళ్లారు. అది దాటిపోయాక అతను తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత వచ్చి మూటల మీద కూలబడ్డాడు.

“నమూనా ఒకే రోజు కొయ్యాలని నియమం. చీటీ మీద తేదీకి ఒకటే గడి. మొదటి రోజు ఐదారు పొదలు నరికానో లేదో కత్తి జారింది. కోసిందంతా అక్కడే పారేసి కుట్లు వేయించుకోడానికి పోయాను. మూడో రోజు వెళ్తే నేను కోసినవన్నీ వాడి నల్లబడ్డాయి. పక్కనున్న వేరే పొదలు కోసి తెచ్చాను. చీటీ మీద మొదటి తేదీనే వేశాను. ఆలస్యమైందని అడుగుతారని.”

“రెండోసారి?”

“రెండోసారి, మూడోసారి శుభ్రంగా కోశాను వదినా, ఒట్టు. నలుగురం పోయి గంటలో ముగించాం. అంత చక్కగా నా జన్మలో కొయ్యలేదు.”

అంత చక్కగా కోసినందుకే మందు పోయిందని ఇద్దరికీ అప్పుడు తెలియదు. కానీ పొడమ్మ మనసు మొదటి మూట దగ్గరే ఆగింది. నరికిన పొదల పక్కన, మూడు రోజులు నిలబడి ఉన్న పొదలు. వాటి ఆకు అది.

“ఆ పక్క పొదల్ని మొదటి రోజు ముట్టుకున్నావా?”

“లేదు.”

“గీరనైనా లేదా?”

“చెయ్యి పట్టుకుని పరిగెత్తినవాణ్ణి, గీరుతూ కూర్చుంటానా?”

మూడు రోజులు సెలవు పెట్టింది. ఎక్కడికని మేడమ్ అడిగితే “పొదల్ని పలకరించొస్తా” అంది. మేడమ్ ఇంకేమీ అడగకుండా సంతకం చేసింది.

మొక్కలాయన వ్యాను వాళ్లను కొండ కింద, కాపలాదారులు వదిలేసిన ఒంటి గది దగ్గర దించింది. వాలు రాళ్లమయం. పొదలు ఎవరో నాటినట్టు విడివిడిగా, మనిషి ఎత్తున నిలబడి ఉన్నాయి, దూరం నుంచి చూస్తే పని లేక నిలుచున్న జనంలా. గాలి లేదు. తుమ్మెదలు తిరుగుతున్నాయి. ఆకుల మీద పచ్చపురుగులు నింపాదిగా నములుతున్నాయి.

ముందుగా అతను ఒక చిన్న మొలకను వేళ్లతో తీసి డబ్బాలో నాటాడు, నూరే గదిలో ఉంచడానికి. ఆవిడ పొద పొద దగ్గరికీ నడిచి ఆకు కొన చిదిమి నాలుకకు తగిలించింది. దోసకాయ తొక్క. దోసకాయ తొక్క. ఇరవై పొదలకు ఇరవై చుక్కలు. తర్వాత అతను వాలు మధ్యలో ఉన్న ఒక పొదను మొదలంటా నరికి అక్కడే పడేశాడు. వాలంతా కాసేపు పచ్చి వాసన. తర్వాత అదీ పోయింది.

ఏమీ జరగలేదు. రొట్టె తిన్నారు. మధ్యాహ్నం దాకా చూశారు. నరికినదానికి ఆనుకుని ఉన్న పొదను రుచి చూసింది. ఒక చుక్క. పోనీ, ఒకటిన్నర.

“ఎండ తగిలితే మనమే చేదెక్కుతాం, ఆకెందుకెక్కదు వదినా?” అన్నాడు అతను, ఆవలిస్తూ.

రెండో రోజు పొద్దున మూడు చుక్కలు. అతను ఆవలించడం మానేశాడు.

మూడో రోజు పొద్దున గది తలుపు తీయగానే ఏదో తగ్గినట్టు తోచింది. ఏమిటో తెలియడానికి కొంత సేపు పట్టింది. చప్పుడు. తుమ్మెదలు లేవు. వాలు మధ్యకు వెళ్లారు. నరికిన పొద నల్లగా వాడి పడి ఉంది. దాని చుట్టూ ఉన్నవి ఏ గాయమూ లేకుండా, ఒక్క ఆకూ వాడకుండా, పచ్చగా నిలబడి ఉన్నాయి. వాటి కింద రాళ్ల మీద పురుగులు పడి ఉన్నాయి. కొన్ని ఇంకా మెల్లగా కదులుతున్నాయి, ఆకులకు దూరంగా.

ఆవిడ ఆకు కొన చిదిమి నాలుకకు తాకించింది. ఉమ్మేసింది. లెక్కపెట్టుకుంటూ నిలబడింది. లోపలి తలుపు తెరుచుకుంది.

“ఆరు” అంది.

పది అడుగులు పైకి నడిచి ఇంకో పొద. ఆరు. ఇరవై అడుగులు. ఐదు. నలభై అడుగుల దూరంలో, నరికినదాని నుంచి చూస్తే బండ చాటున ఉన్న పొద. నాలుగు. వాలు చివరి పొదలో మాత్రం ఇంకా దోసకాయ తొక్కే. ఆవిడ దాని దగ్గరే ఒక రాయి మీద కూర్చుంది. ఈ చివరిదానికి ఇంకా కబురు అందలేదు, అంతే. వాలు మధ్య నుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ ఏదో పైకి వస్తోంది. కనపడదు, వినపడదు. తాము ఇద్దరూ దాని మధ్యలో కూర్చుని రొట్టె తిన్నారు.

“కోసింది ఒకదాన్నే కదా వదినా” అన్నాడు మొక్కలాయన గొంతు తగ్గించి. ఎవరు వింటారని తగ్గించాడో అతనికే తెలియాలి. “మిగతావాటికి ఎవరు చెప్పారు?”

ఆవిడ కత్తి అతని వైపు చాపింది. “ఎవరు చెప్తేనేం, కొయ్యి.”

“నేను కొయ్యను. ఇప్పుడు కొయ్యలేను. చూడు, ఎలా నిలబడ్డాయో!”

ఆరు చుక్కల పొదల ఆకును ఆవిడే కోసింది. చీటీ మీద తేదీ గడి పక్కన చేత్తో ఇంకో గడి గీసి, నరికిన తేదీ ఒకటి, కోసిన తేదీ ఒకటి, రెండూ రాసింది. ఆ రాత ఆఫీసు పద్ధతికి విరుద్ధం.

ఆకు ఆరడానికి వారం పట్టింది. ఈలోగా మొలక డబ్బా నూరే గది కిటికీలో ఉంది. నూరే రోజు పొద్దున, ఎందుకో, దాని ఆకు చిదిమి చూసింది. దోసకాయ తొక్క. ముక్కుకు గుడ్డ కట్టుకుని మర వేసింది. మర చప్పుడుకు మామూలుగా ఆవిడకు మనసు తేలికయ్యేది. ఆ రోజు మాత్రం వీపు వెనక గదిలో ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టనిపించింది. రెండుసార్లు మర ఆపి వెనక్కి చూసింది. కిటికీ. డబ్బా. నాలుగు ఆకులు.

మర్నాడు ఆ నాలుగింట్లో ఒకదాన్ని చిదిమింది. మూడు చుక్కలు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు మేడమ్ మెట్లు దిగి వచ్చింది. ఈసారి పరుగున. పళ్లెం బల్ల మీద పెట్టింది. మధ్యలో ఖాళీ కోటు గుండీ దాటి, చిన్న గిన్నె మూతంత ఉంది. పొడమ్మ సంతకం పెట్టని కాగితం పక్కనే ఉంది. మేడమ్ దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

“ఇప్పుడు చెప్పండి. ఏం చేశారు?”

పొడమ్మ అంతా చెప్పింది, పురుగుల దగ్గర నుంచి. మొక్కలాయన చీటీ సంగతి వచ్చినప్పుడు “వాణ్ణి ఏమీ అననంటేనే” అని ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది. మేడమ్ విని కిటికీలోని మొలక దగ్గరికి నడిచింది.

“గాయపడ్డ మొక్క గాల్లోకి ఏదో వదులుతుంది. పక్కవాటికి అది చేరుతుంది. తమ మీదికి వచ్చేలోగా అవి చేదు తయారుచేసుకుంటాయి. ఆ చేదే మన పదార్థం. కోసిన మొక్కకు సమయం ఉండదు, చచ్చిపోతుంది. సమయం ఉన్నవాటిలోనే ఉంటుంది.”

“గాల్లో అంటే వాసనా? మనకు రాలేదే?”

“మనకోసం కాదుగా పొడమ్మగారూ.”

పొడమ్మ తలూపింది. “అంటే అది భయపడితేనే మనకు మందు.”

“భయం అనకండి. రిపోర్టులో రాయలేను.”

రిపోర్టులో ఏం రాశారో కానీ, నమూనా చీటీలు మారాయి. తేదీకి రెండు గడులు వచ్చాయి. నమూనాల పుస్తకంలో పెన్సిల్ చుక్కల సంగతి బయటికొచ్చింది. పెద్దాయన అట్ట వైపు ఒకసారి, పుస్తకం వైపు ఒకసారి చూసి దగ్గి ఊరుకున్నాడు. సంస్థ వెనక స్థలంలో బూడిదాకు వరసలు నాటారు. ఒక వరస నరికి, మూడో రోజున మిగతావి కోయాలి. నరికే వరసను పనివాళ్లు తమలో తాము ‘బెదిరింపు వరస’ అనుకున్నారు. విరమణ తర్వాత కూడా వచ్చి ఆ తోటను చూసుకోమని మేడమ్ అడిగింది. మీ నాలుక కావాలి, ఈసారి కాగితం మీదే రాసి ఇస్తాం అంది. పొడమ్మ ఆలోచించుకుని చెప్తానంది.

విరమణ రోజున డబ్బాలోని మొలకను ఇంటికి తెచ్చుకుంది. అప్పటికది జానెడయింది. చెల్లెలు మిషను పక్కన కిటికీలో పెట్టించింది.

“నాకు మాట్లాడ్డానికి ఇంకో మనిషి” అంది చెల్లెలు. “ఇదైనా ఎదురు చెప్పదు.”

మొదటి వారం ఆకు చేదు. ఒంటికి పట్టిన పొడి కదా, ముప్ఫై ఒక్క ఏళ్లది, ఒక్కసారిగా పోతుందా అనుకుంది పొడమ్మ. పని బట్టలన్నీ మూటగట్టి బయట పారేసింది. జుట్టు కత్తిరించుకుంది. గోళ్లు రక్తం వచ్చేదాకా తోముకుంది. రెండో వారమూ చేదే. దూరపు చుట్టాలింటికి వెళ్లి పది రోజులు ఉండి వచ్చింది. గుమ్మంలో కాలు పెట్టకముందే, అరుగు మీద నిలబడే అడిగింది.

“ఆకు చిదిమి చూడవే.”

చెల్లెలు విసుక్కుంటూ ఒక కొన చిదిమి నోట్లో పెట్టుకుంది. “దోసకాయ తొక్క. నువ్వు చెప్పినట్టే. చూడు, దీనికి ఒక పురుగు కూడా పట్టింది, నువ్వు లేనప్పుడు. బలే తింటోంది దొంగముండ. తీసెయ్యలేదు, పాపం తోడుగా ఉందని.”

నిజమే. పైఆకు అంచున ఆకుపచ్చ పురుగు. తల ఊపుతూ నములుతోంది.

పొడమ్మ చెప్పులు బయటే విడిచి, కాళ్లు కడుక్కుని, చెల్లెలి ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. కిటికీకి మూడు అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మిషను నడుస్తోంది. వీధిలో ఎండ. చెల్లెలు ఎవరి కోటు చేతులో పొట్టివయ్యాయని ఎవరినో తిడుతోంది. పొడమ్మ వినడం లేదు. పురుగును చూస్తోంది.

అలా గంట గడిచింది, రెండు గడిచాయి. భోజనాలు కుర్చీలోనే కానిచ్చింది. మధ్యాహ్నం వాలింది.

నాలుగు దాటాక పురుగు నమలడం ఆపింది. తల పైకెత్తి కాసేపు అటూ ఇటూ ఊపింది. తర్వాత వెనక్కి తిరిగి, కాండం పట్టుకుని, మెల్లగా, తొందరేమీ లేకుండా, కిందికి దిగడం మొదలుపెట్టింది. డబ్బా అంచు దాటింది. కిటికీ చెక్క మీదికి వచ్చింది. వీధివైపు నడిచింది.

మిషను ఆగింది.

“అక్కా” అంది చెల్లెలు. ఆమె గొంతులో వేళాకోళం లేదు. “కాస్త ఆ వంటింట్లోకి వెళ్లి కూర్చుంటావా?”

పొడమ్మ కుర్చీ తీసుకుని, చప్పుడు కాకుండా లేచింది.